ఆటగాని మోచేయి: పేరులోని పొరపాటు, చికిత్సలోని పొరపాటు

కొన్ని రోగములకు పెట్టిన పేర్లే ఆ రోగులకు మొదటి అపకారము చేయును. మోచేతి వెలుపలి ప్రక్కన పుట్టి ముంజేతి వెంబడి క్రిందికి దిగు నొప్పికి 'టెన్నిస్ ఎల్బో' అని పేరు స్థిరపడినది. 1873లో రుంగే అను జర్మన్ వైద్యుడు దీనిని మొదట వర్ణించినపుడు అతని దృష్టి వ్రాతపని చేయువారి చేతిమీద ఉన్నది గాని ఆటగాండ్రమీద లేదు. తరువాత పదేండ్లకు ఇంగ్లండులో పచ్చికమీద ఆడు టెన్నిస్ పెద్దయిండ్ల వేడుకగా ప్రబలినది. అప్పటి వైద్యపత్రికలలో ఆ ఆట పేరు ఈ నొప్పికి అంటుకొన్నది, నేటికిని వదలలేదు. వయోజనులలో నూటికి ఒకరి నుండి ముగ్గురి వరకు ఈ బాధ ఉండునని అంచనా. వారిలో అత్యధికులు రాకెట్టును చేతబట్టి ఎరుగరు. నలుబది ఏండ్లకు అటు ఇటుగా వయస్సుండి, పిడికిలి బిగించి చేయు పనితో బ్రతుకువారే వారిలో పెక్కుమంది.

కర్నూలు జిల్లాలోని పత్తికొండ వంటి మెట్టప్రాంతపు ఊరిలో ఈ పేరు చేయు కీడు మరింత స్పష్టముగా కనబడును. అక్కడ టెన్నిస్ ఆడువారిని వెదకి పట్టుకొనవలసినదే. కాని క్రికెట్, వాలీబాల్, కబడ్డీ ఆడువారు, పాఠశాల పోటీలలో ఈటెను, ఇనుపగుండును విసరు విద్యార్థులు చుట్టుప్రక్కల ప్రతి ఊరిలోను ఉన్నారు. వారిలో పెక్కుమంది ఆట ముగిసిన వెంటనే చేతికి విశ్రాంతి ఇచ్చువారు కారు. వేరుశనగ పంట చేతికి వచ్చు దినములలో చేనిలో చెట్లు పీకుదురు. టమోటా కోతల కాలమున నిండిన పెట్టెలను ఎత్తి బండిమీద పెట్టుదురు. పత్తికొండ మార్కెట్టులో టమోటా ధర పెరిగినను పడిపోయినను పెట్టె బరువు మాత్రము తగ్గదు. ఇట్టి యువకునికి మోచేయి నొచ్చినపుడు 'ఇది టెన్నిస్ ఆడువారి జబ్బు' అని చెప్పినచో అతడు నవ్వి ఊరకుండును. 'ఆటవలన వచ్చినది, ఆట మానుము' అని చెప్పినచో ఆట మాని పెట్టెలు ఎత్తును. రెండు సలహాల వలనను మోచేతికి కలుగు లాభము ఒక్కటే: ఏమియు లేదు.

అట్లని ఆటగాండ్ర మోచేతి నొప్పికి చికిత్స కొరవడినదని కాదు. చికిత్సలు కావలసినన్ని ఉన్నవి. వానిలో పెక్కింటి లోపమేమనగా, అవి లేని రోగమునకు చేయు చికిత్సలు. మోచేతివద్ద ఏదో వాచినదని తలచి ఆ వాపును అణచుటకు పూనుకొనుచున్నారు. నిజమునకు అక్కడ ఒక కట్టుతాడు బరువునకు ఓర్చుకొను శక్తిని కోల్పోయినది. వాపునకు మందు వేయవచ్చును. పోయిన ఓర్పును మందుతో తిరిగి తెచ్చుట సాధ్యము కాదు.

మోచేయి వంచి అరచేతిని నేలవైపు త్రిప్పి తడిమినచో వెలుపలి ప్రక్కన ఒక చిన్న ఎముక గుబ్బ వ్రేలికి తగులును. దండచేతిలోని భుజాస్థి యొక్క క్రింది కొన అది. మణికట్టును వెనుకకు ఎత్తు కండరములు పెక్కింటికి ఆ గుబ్బయే మూలస్థానము. కండరమును ఎముకకు బిగించు తెల్లని గట్టి నారకు స్నాయుబంధనమని పేరు. అక్కడ పుట్టు కండరములలో ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనునది ఒకటి. పొట్టి కండరమే గాని పేరు మాత్రము పొడుగు. దాని స్నాయుబంధనమే ఈ రోగమున సాధారణముగా మొదట చెడునది.

వస్తువును పట్టుకొనునవి వ్రేళ్ళు గదా, చేతిని వెనుకకు ఎత్తు కండరమునకు అక్కడ ఏమి పని అను సందేహము కలుగవచ్చును. తడిబట్ట పిండునపుడు మణికట్టును గమనించినచో సమాధానము దొరకును. పిడికిలి బిగించు కండరములు ముంజేతి లోపలి ప్రక్కన ఉన్నవి. అవి ముడుచుకొన్నపుడు వ్రేళ్ళతో పాటు మణికట్టును కూడ లోనికి లాగును. మణికట్టు లోనికి వంగినచో పట్టు సడలిపోవును. అది వంగకుండ నిలబెట్టుటకు వెలుపలి కండరములు వెనుకకు లాగుచుండవలెను. కావున బ్యాటును గట్టిగా పట్టినను, బావిలో చేదను తోడినను, వేరుశనగ చెట్టును మొదలంట పీకినను, పని పిడికిలిదే గాని భారము పడునది మోచేతి వెలుపలి గుబ్బమీద. పత్తికొండకు చేరువనున్న ఎర్రగుడి బండలమీద అశోకుని శాసనములు చెక్కిన శిల్పి కొన్ని పంక్తులను ఎడమనుండి కుడికి, కొన్నింటిని కుడినుండి ఎడమకు చెక్కినాడు. పంక్తి ఎటు నడచినను సుత్తి పట్టిన చేతికి శ్రమ ఒక్కటే. అతని మోచేయి ఎంత నొచ్చినదో శాసనము చెప్పదు.

పేరులోని రెండవ పొరపాటు వైద్యులదే. చాలకాలము ఈ రోగమును స్నాయుబంధనపు 'శోథ' అని, అనగా వాపు అని వర్ణించిరి. 1979లో అమెరికాకు చెందిన నిర్షల్, పెట్రోన్ అను శస్త్రవైద్యులు తమ శస్త్రచికిత్సలలో ఈ భాగమున చూచినదానిని ప్రకటించిరి. శోథయున్న చోట గుమిగూడవలసిన కణములు అక్కడ బహు అరుదు. దానికి బదులు, వరుసగా పేనిన నారవలె ఉండవలసిన కొల్లాజెన్ పోగులు చిందరవందరగా ఉన్నవి; ఉండరాని చోట సన్నని రక్తనాళములు మొలచినవి. మరల మరల తెగి, సరిగా అతుకుకొనక ముందే మరల తెగిన తాడు ఎట్లుండునో ఆ కణజాలము అట్లున్నది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంపాదకీయమొకటి ఈ శోథ అను మాటనే విడనాడవలెనని వాదించినది. రోగారంభమున శోథ పాత్ర బొత్తిగా లేదని ఇప్పటికిని ఎవరును ఖండితముగా చెప్పుట లేదు. కాని నెలల తరబడి నొచ్చు మోచేతిలో ప్రధానమైన చెడుగు వాపు కాదన్న విషయమున అభిప్రాయభేదము తక్కువ. అయినను ఆ మాట పోలేదు. మాట పోనందున ఆ మాటకు తగిన సూదిమందును పోలేదు.

కార్టికోస్టెరాయిడ్ సూదిమందు శోథను అణచుటలో సాటిలేనిది. దానిని మోచేతి గుబ్బవద్ద పొడిచినచో కొద్ది దినములలో నొప్పి తగ్గును. ఇందులో అబద్ధము లేదు. చిక్కు అంతయు ఈ నిజములోనే ఉన్నది. 2002లో నెదర్లాండ్స్ దేశమున 185 మంది రోగులను మూడు వర్గములుగా విభజించి పరీక్షించిరి. ఒక వర్గమునకు సూదిమందు, ఒక వర్గమునకు ఫిజియోథెరపీ, మూడవ వర్గమునకు 'వేచి చూడుడు' అన్న సలహా మాత్రమే. ఆరు వారములకు గుణము కనబడినవారు సూదిమందు వర్గమున నూటికి 92 మంది. ఫిజియోథెరపీ వర్గమున 47. వేచి చూచినవారిలో 32. అక్కడితో లెక్క ముగించినచో సూదిమందును మించిన చికిత్స లేదు. కాని ఆ పరిశోధకులు ఏడాది వరకు లెక్క ఆపలేదు. 52 వారములకు సూదిమందు వర్గమున నూటికి 69 మందికే గుణము నిలిచినది. ఫిజియోథెరపీ పొందినవారిలో 91, ఏ చికిత్సయు లేక వేచి చూచినవారిలో 83. అనగా ఏమియు చేయనివారికంటె సూదిమందు పొందినవారు వెనుకబడిరి.

2013లో ఆస్ట్రేలియాలో 165 మందిమీద జరిగిన పరీక్ష ఇంకను నిష్కర్ష అయినది. ఇందులో కొందరికి నిజమైన మందును, కొందరికి మందు లేని ఉత్త సూదిని ఇచ్చిరి. ఏడాదికి పూర్తిగా గాని చాలవరకు గాని కోలుకొన్నవారు మందు పొందినవారిలో నూటికి 83, ఉత్త సూది పొందినవారిలో 96. నొప్పి ఒకసారి తగ్గి తిరగబెట్టినవారు ఉత్త సూది పొందినవారిలో నూటికి 12 కాగా, మందు పొందినవారిలో 54. సూదిమందుతో పాటు ఫిజియోథెరపీ చేయించినను ఏడాది ముగియునప్పటికి ఆ నష్టము తీరలేదు.

ఇంత స్పష్టమైన లెక్కలు వెలువడిన పిమ్మట కూడ ఆటగాండ్రకు ఈ సూదిమందు ఎందుకు పడుచున్నది? వైద్యునిదే తప్పనుట తొందరపాటు. జిల్లా జట్టు ఎంపిక వచ్చే ఆదివారము ఉన్నదనుకొందము. పత్తికొండ ప్రాంతమునుండి కర్నూలుకు పోయి ఆడవలసిన యువకునికి ఆ ఎంపికయే చదువులోను, ఉద్యోగములోను క్రీడాకారుల కోటాకు తొలిమెట్టు. మూడు నెలలు వ్యాయామము చేయుమని చెప్పు వైద్యుని అతడు మరల చూడబోడు. మూడు దినములలో నొప్పి తగ్గించు వైద్యుడు అతనికి దేవుడు. ఆరు వారముల ఫలితము కండ్ల ఎదుట కనబడును. ఏడాది తరువాతి ఫలితము కనబడునప్పటికి రోగి వేరొకచోట ఉండును, సూది సంగతి మరచును. తిరగబెట్టిన నొప్పిని క్రొత్త దెబ్బగా లెక్కించును. వైద్యునికి గూడ తన చికిత్స ఫలించిన దృశ్యమే జ్ఞాపకముండును. నొప్పి అణగిన మోచేతితో ఆ యువకుడు మునుపటికంటె గట్టిగా ఆడును. స్నాయుబంధనము బాగుపడలేదు, అది చేయు ఫిర్యాదు మాత్రమే ఆగినది.

సూదిమందును విడిచినవారికి దొరకుచున్నవి దానికంటె గొప్పవి కావు. ఫిజియోథెరపీ అనగా అనేకులకు 'కరెంటు పెట్టించుకొనుట'. పది దినములు వరుసగా పోయి, యంత్రము వద్ద పడుకొని, చేతిమీద వెచ్చదనమో తిమ్మిరియో అనుభవించి ఇంటికి వచ్చుట. కాసేపు హాయిగా ఉండును. అల్ట్రాసౌండ్ వంటి యంత్రములు స్నాయుబంధనమును బాగుచేయునని చెప్పుటకు తగిన సాక్ష్యము బలహీనము. యంత్రము పనిచేయుచుండగా రోగి చేయి ఊరక పడియుండుటయే ఇందలి పెద్ద లోపము. ఫిజియోథెరపిస్టు నేర్చిన విద్యలో ఎక్కువ విలువైన భాగము వ్యాయామమును మెట్లుమెట్లుగా నడపుట. జనము అతని వద్ద కోరుచున్నది తక్కువ విలువైన భాగమును.

ఇక కట్టు. ఎముక విరిగినవారు పుత్తూరు కట్టు పేరు విని దూరప్రాంతములనుండి పోవుట ఆంధ్రదేశమున అందరికి తెలిసినదే. విరిగిన ఎముకకు కదలిక లేకుండ కట్టుట అవసరమే. ఆ న్యాయమును మోచేతి నొప్పికి వర్తింపజేసి, ఆకుపసరు పూసి, బద్దలు పెట్టి వారముల తరబడి బిగించి ఉంచుట సరికాదు. బరువు పడని స్నాయుబంధనము నానాటికి బలహీనపడును. కట్టు విప్పినపుడు నొప్పి లేదని సంతోషించిన ఆటగాడు మొదటి ఆటలోనే మరల పట్టుబడును. ముంజేతికి మోచేతి దిగువన చుట్టు పట్టీ వేరు. అది ఆడునంతసేపు నొప్పిని కొంత తగ్గించవచ్చును, చికిత్స మాత్రము కాదు.

పట్టణములలో ఇటీవల మరియొకటి వ్యాపించినది. రోగి రక్తమునే తీసి, గిరగిర త్రిప్పి, అందులోని ప్లేట్‌లెట్లు అధికముగా నున్న భాగమును తిరిగి మోచేతిలోనికి ఎక్కించుట. సొంత రక్తము గనుక హాని ఉండదన్న భరోసా, యంత్రమున్నది గనుక శాస్త్రమే అయి ఉండునన్న నమ్మకము ఇందుకు తోడ్పడినవి. 2021లో కాక్రేన్ సంస్థ ప్రకటించిన సమీక్ష అప్పటివరకు జరిగిన పరీక్షలన్నింటిని కూర్చి చూచి, మోచేతి వెలుపలి నొప్పికి దీనివలన రోగికి తెలియునంతటి మేలు బహుశః లేదని తేల్చినది. వేలకొలది రూపాయలు పోసి దీనిని కొనువారికి ఈ వాక్యము ఎవరైన చదివి వినిపించుచున్నారా అన్నది సందేహమే.

ప్రసిద్ధ క్రీడాకారుల కథలు కూడ జనమును తప్పుదారి పట్టించినవి. సచిన్ టెండూల్కర్ ఎడమ మోచేతికి 2004లో ఈ నొప్పి వచ్చినపుడు 'టెన్నిస్ ఎల్బో' అను మాట దేశమంతట ఇంటింటి మాట అయినది. 2005 మే నెలలో లండనులో శస్త్రచికిత్స జరిగినది. ఆ అక్టోబరులో అతడు తిరిగి ఆడెను. 2010లో గ్వాలియరులో ఒక దినపు ఆటలో రెండువందల పరుగులు చేసెను. దీనినిబట్టి శస్త్రచికిత్సయే పరమౌషధమని అనేకులు తీర్మానించుకొన్నారు. శస్త్రచికిత్సకు ముందు గడచిన నెలలను, తరువాత పట్టిన విశ్రాంతిని, క్రమాభ్యాసమును ఆ తీర్మానము లెక్కలోనికి తీసికొనదు. 2018లో ఆస్ట్రేలియా వైద్యులు ఒక సాహసమైన పరీక్ష ఫలితములను ప్రకటించిరి. దీర్ఘకాలముగా బాధపడుచున్న 26 మందిలో కొందరికి చెడిన కణజాలమును కోసి తీసివేసిరి. మిగిలినవారికి చర్మమును కోసి, స్నాయుబంధనమును చూచి, ఏమియు తీయకుండ మరల కుట్టిరి. రెండు వర్గములును సమానముగా కోలుకొన్నవి. సంఖ్య చిన్నది గనుక దీనినే తుదితీర్పుగా ఎంచరాదు. ఐనను కత్తి చేసినదెంత, కత్తి తరువాతి నెలల ఓపిక చేసినదెంత అన్న ప్రశ్న దీనితో తప్పనిసరి అయినది.

మోచేతి శస్త్రచికిత్సలన్నియు ఒక్కటి కావు. నీరజ్ చోప్రాకు 2019లో కుడి మోచేతికి జరిగిన చికిత్స వేరు. అక్కడ కీలులో ఎముక ముక్కలు అడ్డుపడినవి. వానిని తీయక తప్పదు. తరువాత 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు విసరి అతడు ఒలింపిక్ అర్హత పొందుటయు, 2021లో టోక్యోలో స్వర్ణము గెలుచుటయు ఎల్లరెరిగినదే. ఆ ఉదాహరణమును చూపి స్నాయుబంధనపు నొప్పికి కత్తిని కోరుట కన్నునొప్పికి పన్ను పీకించుకొనుట వంటిది.

తెలుగునాటి ఉదాహరణము సానియా మీర్జాది. పత్రికలలో దీనికి దక్కిన స్థలము తక్కువ. నేర్చుకొనవలసినది మాత్రము దీనియందే ఎక్కువ. 2022 తన ఆఖరి సంవత్సరమని ఆమె ఆ జనవరిలోనే ప్రకటించినది. ఆగస్టులో కెనడాలో ఆడుచుండగా ముంజేతికి, మోచేతికి నొప్పి వచ్చినది. దాని తీవ్రత అప్పుడు తెలియలేదు. రెండు వారముల పిమ్మట పరీక్షించినపుడు స్నాయుబంధనము కొంత చినిగినట్లు బయటపడినది. యు.ఎస్. ఓపెన్‌నుండి తప్పుకొని, విరమణ ఆలోచనను మార్చుకొని, కోలుకొనుటకు కాలమిచ్చి, 2023 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ మిశ్రమ డబుల్స్‌లో రోహన్ బోపన్నతో కలిసి ఫైనలు వరకు పోయినది. ఫిబ్రవరిలో దుబాయిలో ఆట చాలించినది. ప్రపంచమునందలి వైద్యము అందుబాటులో ఉన్న క్రీడాకారిణికే రెండు వారములు ఆ గాయపు లోతు తెలియలేదు. పత్తికొండ మైదానములో ఆడువానికి అది తెలియవలెనన్నచో నొప్పిని భరించుటను పౌరుషముగా మెచ్చుకొను అలవాటు మొదట తగ్గవలెను.

స్నాయుబంధనమును తిరిగి ఓర్పుగలదిగా చేయు మార్గము బరువే. దేనివలన చెడినదో దానినే కొలిచి, మెల్లమెల్లగా, క్రమము తప్పక ఇచ్చుట. మొదటి దినములలో నొప్పిని రేపు పనులను తగ్గించవలెను, చేతిని మూలబెట్టరాదు. తరువాత ముంజేతిని బల్లమీద ఆనించి, అరచేయి నేలవైపునకు ఉండునట్లు మణికట్టును బల్ల అంచునుండి బయటకు వదలి, అర లీటరు నీటిసీసాను పట్టుకొని, మణికట్టును కదలక నిలిపి ఉంచవలెను. అర నిమిషము, ముప్పాతిక నిమిషము చొప్పున కొన్నిమార్లు. ఇది ఓర్చుకొనగలిగిన పిమ్మట రెండవ చేతి సాయముతో మణికట్టును పైకెత్తి, సాయము వదలి, నాలుగైదు లెక్కించునంతసేపు మెల్లగా క్రిందికి దింపవలెను. ఎత్తుటకంటె దించుటయే ఇందు ముఖ్యము. కండరము సాగుచు బరువును ఆపుటకు ప్రయత్నించునపుడు స్నాయుబంధనమునకు తగిన శిక్షణ కలుగును. పదిహేనేసి మార్లు మూడు దఫాలు సాధారణముగా చెప్పు లెక్క. అర లీటరు సులభమైనపుడు లీటరు సీసా; అదియు సులభమైనపుడు ఇసుక నింపిన సంచి. నీరు లీటరుకు కిలో బరువు గనుక కొలతకు త్రాసు అక్కరలేదు. ఇంత చౌకయైన చికిత్సకు ప్రకటనలు ఎందుకు రావో వేరుగా చెప్పనక్కరలేదు.

వ్యాయామము చేయునపుడు నొప్పి బొత్తిగా ఉండరాదను నియమము తప్పు. నొప్పిని పదింటిలో ఇన్ని పాళ్ళని రోగియే లెక్కించుకొని, మూడు నాలుగు పాళ్ళు మించకుండ చూచుకొని, మరునాటి ఉదయమునకు అది మునుపటి స్థితికి దిగినచో ఆ బరువు తగినదే. మరునాడు కాఫీ గ్లాసు ఎత్తుటకు చేయి మొరాయించినచో బరువు హెచ్చినదని అర్థము. ఒక మెట్టు దిగవలెను. స్నాయుబంధనము కండరమువలె త్వరగా మారదు; మూడు నెలలు దానికి అధికము కాదు. భుజమును, నడుమును బలపరచుట కూడ ఈ చికిత్సలో భాగమే. శరీరమంతయు చేయవలసిన విసరును మోచేయి ఒక్కటే చేసినందుననే పెక్కుమారులు అది చెడును.

ఈ మార్గమును గూర్చి కూడ అతిశయోక్తి తగదు. పైన చెప్పిన నెదర్లాండ్స్ లెక్కలో ఫిజియోథెరపీకి, ఊరక వేచి చూచుటకు ఏడాది తరువాత ఉన్న తేడా 91కి 83కి ఉన్నంతే. ఆస్ట్రేలియా పరీక్షలో ఉత్త సూది పొందినవారిలో నాలుగు వారములకు ఫిజియోథెరపీ గలవారు నూటికి 39 మంది, లేనివారు 10 మంది కోలుకొనిరి. ఏడాదికి ఆ ఎడము చాలవరకు పూడినది. అనగా కాలమే పెద్ద వైద్యుడు. వ్యాయామము ఆ వైద్యుని త్వరపెట్టును. ఇంకొక మాట. ఈ పరీక్షలలో పాల్గొన్నవారు సాధారణ జనులు. ఆస్ట్రేలియా వారి సగటు వయస్సు సుమారు యాబది. వారి చేతికి కావలసినది తలుపు తీయునంతటి, సంచి మోయునంతటి సుఖము. ఇరువది ఏండ్ల బౌలరు చేయి ప్రతి దినము అడుగునది దానికి ఎన్నో రెట్లు. నడివయస్సువారి లెక్కలను ఆటగాండ్రకు యథాతథముగా అంటగట్టుచున్న పాఠ్యగ్రంథములను ఈ విషయమున ప్రశ్నింపవలసియే ఉన్నది. ఆటగానికి 'వేచి చూడుడు' అను సలహా చాలదు. వేచియున్న ఏడాదిలో అతని ఆట వయస్సు కరగిపోవును.

మోచేతి లోపలి ప్రక్క నొప్పి వేరు కథ. విసరునపుడు ఆ ప్రక్కనున్న సంధిబంధనము తెగునంతగా సాగును. 1974లో అమెరికాలో ఫ్రాంక్ జోబ్ అను వైద్యుడు టామీ జాన్ అను బేస్‌బాల్ ఆటగానికి ముంజేతినుండి తీసిన స్నాయుబంధనముతో తెగిన సంధిబంధనమును తిరిగి కట్టెను. ఆ చికిత్సకు రోగి పేరే నిలిచినది. పిల్లలలో సంధిబంధనముకంటె ముందు చెడునది ఎదుగుచున్న ఎముక కొననున్న మృదులాస్థి. 1960లోనే అమెరికా వైద్యులు బేస్‌బాల్ విసరు బాలుర మోచేతులలో దీనిని గుర్తించి ప్రకటించిరి. అక్కడి బాలుర లీగు 2007 నుండి దినమునకు ఒక బాలుడు ఇన్నిమార్లకంటె ఎక్కువ విసరరాదని లెక్క విధించినది. గుర్తించుటకు, విధించుటకు నడుమ 47 ఏండ్లు! మన పాఠశాల మైదానములలో పోటీలకు ముందు వారమున ఒక బాలిక ఈటెను ఎన్నిమార్లు విసరినదో వ్రాసి ఉంచు వ్యాయామోపాధ్యాయుడు అరుదు. దూరము కొలుచు టేపు ఉన్నది. మార్లు లెక్కించు పుస్తకము లేదు.

టెన్నిస్ సైతము ఈ మెట్టసీమకు వచ్చినది. పత్తికొండకు దక్షిణమున అనంతపురములో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడాగ్రామమున రఫేల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో 2010లో పేదపిల్లల కొరకు టెన్నిస్ పాఠశాల ప్రారంభమైనది. ఈ విషయమున టెన్నిస్ పెద్దలు చేసిన మంచిపని ఒకటి చెప్పుకొనదగినది. 2012 నుండి పదేండ్లలోపు పిల్లల పోటీలలో మెల్లగా ఎగురు మెత్తని బంతులనే వాడవలెనని అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య నియమించినది. చిన్న చేతికి చిన్న భారము అను సూత్రము ఇదే. క్రికెట్‌లో పన్నెండేండ్ల బాలుడు అన్నగారి బ్యాటుతో ఆడుచుండగా ముచ్చటపడు పెద్దలకు ఈ సూత్రము ఇంకను చేరలేదు.

నొప్పి పోయిన దినమే ఆటకు పోవుట పునరావాసములో తరచు జరుగు తప్పు. రెండు చేతుల పట్టును పోల్చి చూడవలెను. నొచ్చిన చేయి రెండవ దానికి దాదాపు సమానముగా పట్టగలిగినపుడు మొదట సగము బంతులు, వారమునకొకమారు కొంత హెచ్చించుచు పూర్తి ఆటకు రావలెను. బ్యాటు పిడి మరీ సన్నముగా ఉన్నదా, క్రొత్తగా బరువైన బ్యాటు కొన్నాడా అన్నదియు చూడవలెను. మెట్టప్రాంతపు ఆటగానికి ఇంకొక ప్రశ్న తప్పనిసరి: ఈ వారము చేనిలో ఏమి పని? వేరుశనగ పీకు వారమున బౌలింగు తగ్గించుట శిక్షకుని వలన కాగల పని. పని మానుమనుట శిక్షకుని వలన కాదు, వైద్యుని వలనను కాదు. పెట్టెను అరచేయి నేలవైపు త్రిప్పి ఒంటిచేత లాగుటకంటె, అరచేతులు పైకి ఉండునట్లు రెండు చేతులతో అడుగునుండి ఎత్తినచో వెలుపలి గుబ్బమీద భారము తగ్గును. ఈ చిన్న మార్పునకు ఖర్చు లేదు, కూలి తగ్గదు.

ఈ నీటిసీసా వైద్యము అన్ని మోచేతులకు కాదు. పడిన తరువాత మోచేయి ఒక్కసారిగా వాచినను, చేయి పూర్తిగా చాపుటకు రాకున్నను, కీలు నడుమ చిక్కుకొని ఆగుచున్నను, చిటికెనవ్రేలు తిమ్మిరెక్కుచున్నను, నొప్పి రాత్రులందు నిద్ర చెడగొట్టుచున్నను, పదునారేండ్లలోపు పిల్లలకు విసరునపుడు మోచేతి లోపలి ప్రక్క నొచ్చినను ఇంటి వ్యాయామముతో కాలము గడపక ఎముకల వైద్యునికి చూపవలెను. ఎక్స్‌రే తీయించవలసినది అప్పుడు. మిగిలిన పెక్కు మోచేతులకు మొదట తీయవలసినది గడచిన ఆరు వారములలో ఆటలోను, చేనిలోను ఆ చేయి చేసిన పనియొక్క లెక్క.